పేరు లేని ఫంక్షన్లు, బాచుపల్లి వ్యాను

ఆ రోజుల్లో కంప్యూటరు తప్పు చేయదని జనానికి గట్టి నమ్మకం. ఆ నమ్మకం వరకూ నాకు అభ్యంతరం లేదు. కానీ ఏదైనా తప్పు జరిగితే, అది కంప్యూటరుది కాదు కనుక దాని పక్కన కూర్చున్న మనిషిదే అయి ఉంటుందని కూడా అదే జనం నమ్మేవారు. డెబ్భైల మధ్యలో దాని పక్కన కూర్చున్న మనిషిని నేను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, నోరు మాత్రం ఎప్పుడో పర్మనెంటయింది. ఈ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ నా గొంతు పెరుగుతుందని మా ఇంట్లో వాళ్లంటారు. పెరగకేం చేస్తుంది? వినండి, తర్వాత మీరే చెప్పండి.

మాది భీమవరం వైపు. హైదరాబాదులో పిన్నీ బాబాయిల ఇంట్లో ఉంటూ, రోజూ స్టాఫ్ బస్సెక్కి శేరిలింగంపల్లి దాటాక ఉన్న ఒక కర్మాగారానికి వెళ్లేదాన్ని. (ఇప్పుడు హైటెక్ సిటీ అని గాజు మేడలు కనిపించే ఆ దిక్కున అప్పుడు కంప్యూటరన్న మాట విన్నవాళ్లు మా గదిలో ఉన్న ఆరుగురమే అనుకుంటాను.) ఆ గదికి చల్లటి గాలి మిషను ఉండేది. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాలి. మా ఆరుగురిలో ఇద్దరమే ఆడవాళ్లం. రెండో ఆవిడ, మేం రాసిన ప్రోగ్రాములను అట్టముక్కల్లాంటి కార్డుల మీద చిల్లులు పొడిచి మిషనుకు అందించే పంచింగ్ ఆపరేటరు. పంచింగ్ చేసే అక్క కనుక ఆమెను పంచక్క అనేవాళ్లం. ఆమెది మాదాపూర్. "మాదాపూర్‌లో ఏముంటాయక్కా?" అని చేరిన కొత్తలో అడిగితే, "రాళ్లుంటయి, తొండలుంటయి, మేముంటం" అంది, కార్డు మీంచి కళ్లెత్తకుండా.

మా గదికి అధిపతి రిజిస్టర్ సారు. ఆయన పేరు అది కాదు, కానీ ఆయన చేతిలో రిజిస్టరు లేకుండా ఎవరూ చూడలేదు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు పెన్సిళ్లు. ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారు, ఏ ప్రోగ్రాము ఎవరిది, అందులో ఏ ముక్క పేరేమిటి, అన్నీ రిజిస్టర్లో ఉండాలి. "రిజిస్టర్ల ఎక్కనిది మిషన్ల ఎక్కదు" అనేవారు. మంచివారే. మంచివారని ఇప్పుడు అంటున్నాను. అప్పుడు నేనన్న మాటలు పిన్నికి తెలుసు.

ఆయన మా గదికి చేసిన పెద్ద ఉపకారం ఎడిటరు. ఎడిటరంటే రాసిన ప్రోగ్రామును దిద్దుకునే సాధనం. ఇప్పటి పిల్లలు తెర మీద రంగురంగుల అక్షరాల్లో చకచకా దిద్దుకుంటున్నారు గానీ, మాకు అంతకుముందు ఒక్క అక్షరం మార్చాలన్నా కొత్త కార్డు కొట్టుకోవాల్సి వచ్చేది. ఆయన మూడు నెలలు కూర్చుని సొంతంగా ఎడిటరు రాశారు. కాగితం చుట్ట బిగించిన టైపు మిషను లాంటి దాని ముందు కూర్చుని, దిద్దాల్సిన ముక్క పేరు కొడితే అది టకటకా ఆ ముక్కను అచ్చు వేస్తుంది. తప్పున్న వరుస మార్చి 'దాచు' అని చెప్పామా, దాచుకుంటుంది. లోపల ఒక్కో పేరుకు ఒక్కో అర కేటాయించినట్టు ఏర్పాటు చేశారాయన. ఏ పేరు ముక్క ఆ పేరు అరలోకి పోతుంది. ఆయన మనసు కూడా అలాంటిదే, అన్నీ అరలే.

గొడవ ఆ పేర్ల దగ్గరే మొదలైంది. మా పెద్దసారు (ఆయన కర్మాగారం మొత్తానికీ పెద్ద) బొంబాయి వెళ్లినప్పుడు ఒక టేపు మీద లిస్ప్ అనే భాషను తెచ్చి, నేర్చుకోమని నా చేతిలో పెట్టారు. అన్నీ బ్రాకెట్లే ఉండే భాష అది. నాకు దాని మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అందులో ఒక చిన్న పని చేసిపెట్టే సూచనల ముక్కను ఫంక్షన్ అంటారు. మామూలుగా ప్రతి ఫంక్షనుకూ ఒక పేరుంటుంది, ఆ పేరుతో ఎక్కడినుంచైనా పిలుచుకోవచ్చు. కానీ ఒకే చోట ఒకేసారి కావలసిన పనికి పేరు పెట్టనక్కర్లేదు. ఆ చోటనే రాసేసి ముందుకు పోవచ్చు. పేరు లేని ఫంక్షన్లు. నాకవి ఎంతో నచ్చాయి. రిజిస్టర్ సారుకు అవి ససేమిరా నచ్చలేదు.

"పేరేంది దీనికి?" అన్నారు నా కాగితం మీద పెన్సిలు ఆనించి.

"పేరు లేదండి. అక్కర్లేదు."

"పేరు లేకుంటే ఎట్లనమ్మా? రిజిస్టర్ల ఏం రాయాలె?"

"సార్, భోజనాల దగ్గర పక్కవాళ్లను ఒక్కసారి ఉప్పు అందించమంటాం. దానికోసం బారసాల చెయ్యం కదండి."

వెనక పంచక్క దగ్గింది. రిజిస్టర్ సారు, "నీ ఇష్టం. రేపేమన్న అయితే నన్ననొద్దు" అని రిజిస్టర్లో ఆ గడి ఖాళీగా వదిలారు. ఆ ఖాళీ గడి ఆయనను ఎంత బాధపెట్టిందో చూస్తే నాకు చెప్పలేని ఆనందమేసింది. (ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.)

అప్పుడే నాకొక పని వచ్చింది. కర్మాగారంలో నాలుగు వందల పైచిలుకు జనం. సాయంత్రం ఇళ్లకు పోవడానికి ఆరు బస్సులు, ఒక చిన్న వ్యాను. ఎవరు దేంట్లో ఎక్కాలనే జాబితా ప్రతి నెలా చేత్తో రాసేవారు, ప్రతి నెలా పోట్లాటలయ్యేవి. పెద్దసారు నన్ను పిలిచి, "కంప్యూటరు చేత చేయించండమ్మా, ఇక ఎవరూ మాట్లాడరు" అన్నారు. ఆ పని బాగా చేస్తే ఆ నెలాఖరుకు నన్ను పర్మనెంటు చేస్తారని ఆయన గుమాస్తా నా చెవిన వేశాడు.

నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని రాశాను. సికింద్రాబాద్ వైపు ఉండేవాళ్లను ప్రోగ్రాము విడిగా తీసి ఇస్తే, వచ్చిన ఒక్కొక్కరినీ సికింద్రాబాద్ బస్సులో వెయ్యడం, ఆడవాళ్లకు ముందు సీట్లివ్వడం ఒక ఫంక్షన్. మెహదీపట్నం వైపు వాళ్లను వాళ్ల బస్సులో వెయ్యడం ఇంకొకటి. ఇలా ఏడు. ఒక్కోటీ ఒక్కచోటే పనికొచ్చేది, కనుక ఏడింటికీ పేర్లు పెట్టలేదు. అన్నిటికంటే చివర బాచుపల్లి వ్యాను. బాచుపల్లి అప్పుడు పల్లెటూరు. ఆ దారిన ఉండే పదకొండు మందిని ఆ వ్యానులో వెయ్యడం ఏడో ఫంక్షను పని. పంచక్క మొత్తం కార్డుల మీద కొట్టి ఇచ్చింది. నడిపించాం. జాబితా ముత్యాల్లా వచ్చింది. ఎక్కడివాళ్లు అక్కడే.

రిజిస్టర్ సారు జాబితా చూసి, "మంచిగొచ్చింది. ఇగ ఈ కార్డులెందుకు, ఎడిటర్లకు ఎక్కియ్యి. రేపు ఎవరన్న దిద్దాలంటే కార్డుల ఎంబడి పడ్తరా?" అన్నారు. ఎక్కించాను. ఒక స్టాపు పేరులో అక్షరం తప్పుంటే ఎడిటర్లో దిద్ది, దాచు అన్నాను. అది దాచుకుంది. మళ్లీ ఒకసారి నడిపి చూద్దామని నాకు తోచిన మాట వాస్తవం. అడిగాను కూడా. "ఒకసారి సరిగ్గనే వచ్చింది గద, మల్ల మల్ల ఎందుకు, మిషన్ టైం లేదు" అన్నారాయన. నేను ఇంకోసారి అడగాల్సింది. అడగలేదు, ఎందుకంటే ఆ రోజు పిన్ని గుత్తివంకాయ చేస్తానంది, నా కళ్లు గడియారం మీద ఉన్నాయి.

మర్నాడు సాయంత్రం బస్సుల వేళకు జాబితా అచ్చు వేసి, ఎవరూ చూడకుండానే నోటీసు బోర్డు మీద అంటించారు, డ్రైవర్లకు తలా ఒక కాగితం ఇచ్చారు. ఐదు గంటలకు నేను బయటికొచ్చేసరికి మైదానంలో జనమంతా ఒక్క చోట మూగి ఉన్నారు. దగ్గరికెళితే, మధ్యలో బాచుపల్లి వ్యాను. దాని డ్రైవరు చేతిలో నేల దాకా వేలాడే కాగితం. అందులో నాలుగు వందల పైచిలుకు పేర్లు. అన్నిటికంటే పైన, ఒకటో నంబరు ఉద్యోగి, సొంత కారున్న మా పెద్దసారు.

మిగతా ఆరుగురు డ్రైవర్ల దగ్గర తెల్ల కాగితాలున్నాయి. జనం వాళ్ల దగ్గరికి పోతే, "లిస్టుల మీ పేరు లేదు, ఎక్కనియ్య" అంటున్నారు. "నీ లిస్టుల ఎవరి పేరూ లేదు కదయ్యా" అంటే, "అందుకే ఎవ్వల్ని ఎక్కనిస్తలేను" అంటున్నారు. సికింద్రాబాద్ బస్సయితే ఐదుంబావు కాగానే టైముకు టైము, ఒక్క మనిషి లేకుండా వెళ్లిపోయింది. మెహదీపట్నం బస్సును గేటు దగ్గర ఎవరో అడ్డం నిలబడి ఆపారు. స్టోర్సులో పనిచేసే ఒక పెద్దాయన, ఇల్లు మల్కాజిగిరి, మారు మాట్లాడకుండా బాచుపల్లి వ్యానెక్కి కూర్చున్నాడు. బాచుపల్లిలో దిగాడు. అక్కడినుంచి కొంత నడిచి, కొంత లారీ ఎక్కి, భోజనాల వేళకు ఇల్లు చేరాడు. మర్నాడు నాకు కోపం ఆగక, "మీ ఇల్లు అటు కాదు కదండి, ఎందుకెక్కారు?" అని నిలదీశాను. "కంప్యూటర్ రాసింది గదమ్మా. ఏదన్న కారణం ఉంటదనుకున్న" అన్నాడు శాంతంగా. ఏం కారణం ఉంటుందండీ? బాచుపల్లిలో ఆయనకేం పని?

ఆ మధ్యాహ్నమే నా బల్ల మీదికి మెమో వచ్చింది. రిజిస్టర్ సారు దస్తఖత్. మౌఖికంగా హెచ్చరించినప్పటికీ ఫంక్షన్లకు పేర్లు పెట్టనందువల్ల, నా నిర్లక్ష్యం వల్ల, యాజమాన్యానికి అప్రతిష్ఠ కలిగిందట. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. నిర్లక్ష్యమన్న మాట చదివేసరికి నా చెవులు వేడెక్కాయి. మూడు వారాలు ఏ బస్సు ఏ వీధిలో ఆగుతుందో పాఠంలా వల్లె వేసిన దాన్ని నేను. కార్డుల మీద సరిగ్గా వచ్చిన జాబితా ఎడిటరులోకి వెళ్లి వచ్చేసరికి బాచుపల్లి అయిపోతే, తప్పు నా పేర్లదా, ఎడిటరుదా? ఆ మాటే సారుతో అన్నాను.

"ఎడిటర్ ఏడాది సంది నడుస్తుంది. ఇప్పటిదాంక ఎవ్వరికి పరేషాన్ కాలే" అన్నారాయన.

"ఇప్పటిదాకా ఎవరూ పేరు లేనివి ఇవ్వలేదండి."

"అదే నేననేది" అని రిజిస్టరు మూసేశారు.

గదిలో మిగతా ముగ్గురూ నాకేసి జాలిగా చూడడం మొదలుపెట్టారు. ఒకాయన వచ్చి, "ఆడపిల్లవి, ఎందుకమ్మా గొడవ, ఒప్పేసుకో" అన్నాడు. మగపిల్లాడినైతే ఒప్పుకోనక్కర్లేదా అనడిగాను. ఆయన మళ్లీ నా బల్ల వైపు రాలేదు. ఇంటికెళితే బాబాయి కూడా అదే పాట. "తప్పయింది, మన్నించండి అని ఒక్క ముక్క రాసి పడెయ్యమ్మా. పర్మనెంటయ్యాక నీ ఇష్టం వచ్చినట్టు పోట్లాడుకో." తప్పు చేయకుండా మన్నించమని ఎలా రాస్తారని నేను, అందరూ అలాగే రాస్తారని ఆయన. పిన్ని మధ్యలో వచ్చి, "ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది, ముందు పెరుగన్నం తిను" అంది. ఆ రోజు అందరిలోకీ తెలివైన మాట అదే అయినా, నేను కంచం ముందు కూర్చుని కూడా మెమోకు జవాబే చెబుతున్నాను. సంజాయిషీ నాలుగు పేజీలైంది. అందులో 'అన్యాయం' అన్న మాట తొమ్మిది సార్లు వచ్చిందని బాబాయి లెక్కపెట్టాడు.

కానీ నాలుగు పేజీల కోపం రుజువు కాదు. రుజువు కావాలంటే కార్డులు కావాలి. ఎడిటరుకు ఎక్కించాక పాత కార్డులు చిత్తు కాగితాల బుట్టలో పారెయ్యాలని సారు ఆజ్ఞ. మర్నాడు ఆశ లేకుండానే పంచక్క దగ్గరికెళ్లి, "నా బస్సుల కార్డులు పారేశావా అక్కా?" అనడిగాను.

ఆమె లేచి, సొరుగు తాళం తీసి, దారంతో కట్టిన కార్డుల కట్ట తీసి నా ముందు పెట్టింది.

"ఒక్క తప్పు లేకుంట కొట్టిన చెల్లె. ఒక్కటంటే ఒక్క కార్డు మల్ల కొట్టలే. పారేయబుద్ధి కాలే" అంది. "సారుకు చెప్పకు. నా పానం తీస్తడు."

"సారుకు చెప్పడానికే కదక్కా అడుగుతున్నాను."

ఆమె కట్ట దారం ముడి బిగించింది. ఇద్దరు పిల్లలు, ఈమె జీతంతో నడిచే ఇల్లు. "సరే, చెప్పు. గని నేను దాచిన్నని నేనే చెప్త. నువ్వు చెప్తే దొంగతనం చేసినట్టుంటది" అంది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు నా నాలుగు పేజీలు చిన్నబోయినట్టనిపిస్తుంది.

మూడో రోజు పెద్దసారు మా గదికి వచ్చారు. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, ఒక స్టూలు మీద కూర్చుని, "ఏమిటండి ఇదంతా?" అన్నారు. రిజిస్టర్ సారు రిజిస్టరు తెరిచి ఖాళీ గడి చూపించారు. నేను సంజాయిషీ తీశాను. పెద్దసారు నాలుగు పేజీల మందం చూసి, "చదవక్కర్లేదమ్మా, చేసి చూపించండి" అన్నారు. అప్పుడు పంచక్క ముందుకొచ్చి, "సార్, కార్డులు నేనే దాచిన. పారేయమంటే పారేయలే" అని కట్ట బల్ల మీద పెట్టింది. 

ముందు కార్డుల మీద నడిపాం. ఏడు జాబితాలు, ఎక్కడివాళ్లు అక్కడే. తర్వాత ఎడిటరులో దాచింది నడిపాం. ఆరు తెల్ల కాగితాలు, ఒక బాచుపల్లి. అప్పుడు నేను ఎడిటరుకు పరీక్షకని రెండు చిన్న ఫంక్షన్లు ఇచ్చాను, రెండింటికీ పేరు లేదు. మొదటిది ఇచ్చిన అంకెకు రెండు కలుపుతుంది, రెండోది మూడు కలుపుతుంది. దాచు అన్నాను. తిరిగి చూపించమంటే, రెండు చోట్లా మూడు కలిపేదే ఉంది. పేరు లేనివన్నీ పేరు లేని ఒకే అరలోకి పోతున్నాయి. అక్కడ కొత్తది వచ్చి పాతదాన్ని తోసేస్తోంది. నా ఏడు బస్సుల్లో చివరిది వ్యాను కనుక, ఏడు చోట్లా వ్యానే కూర్చుని, వచ్చినవాళ్లందరినీ తనలోనే వేసుకుంది.

చెప్పడం అయ్యాక నేను కాస్త గట్టిగానే, "ఇందులో నా నిర్లక్ష్యం ఎక్కడుందండి?" అన్నాను.  రిజిస్టర్ సారు ఆ కాగితం చుట్టను వెనక్కి లాగి మొదటినుంచి చదివారు. రెండోసారి చదివారు. పెన్సిలు తీసి ఒక వరుస కింద గీత గీశారు. ఆయన మళ్లీ పేర్ల సంగతి ఎత్తుతారని, ఎత్తితే ఏమనాలో నేను మనసులో మాటలు పేర్చుకుంటున్నాను.

"ఎడిటర్ నాది సార్" అన్నారాయన పెద్దసారుతో. "తప్పు నాదే. పిల్లది కాదు. మెమో వాపస్ తీసుకుంట."

అంతే. నేను పేర్చుకున్న మాటలు ఒక్కటీ పనికి రాలేదు. గెలిచిన దాన్ని నేనే అయినా, ఎవరో నా చేతిలోంచి ఏదో లాక్కున్నట్టు ఒళ్లు మండింది. పెద్దసారు వెళ్లేముందు పంచక్కతో, "కార్డులు పారెయ్యడం ఇక మానెయ్యండి" అన్నారు. నెలాఖరుకు నా పర్మనెంటు కాగితం వచ్చింది. ఈసారి కార్డుల మీద వచ్చిన జాబితానే అంటించారు. మల్కాజిగిరి పెద్దాయన మాత్రం ఆ రోజు బస్సెక్కే ముందు డ్రైవరును రెండుసార్లు అడిగాడట.

పెద్దసారు వచ్చి వెళ్లిన మర్నాడు మధ్యాహ్నం రిజిస్టర్ సారు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు. చేతిలో కొత్త నోటుపుస్తకం. "అమ్మా, ఆ పేరు లేనియి ఎట్ల నడుస్తయో జర నాకు చెప్పు. తెల్వకుండ ఎడిటర్‌ని ఎట్ల బాగుచేయాలె?" అన్నారు. నేను చెప్పాను. ఎలా చెప్పానంటే, మెమో అందుకున్న మనిషి మెమో ఇచ్చిన మనిషికి ఎలా చెబుతుందో అలా. వారం రోజులు రోజూ ఒక గంట. ఆయన పెన్సిలుతో రాసుకునేవారు. అర్థం కాకపోతే, "ఇది మల్లొకసారి" అనేవారు. నేను నిట్టూర్చి మళ్లొకసారి చెప్పేదాన్ని. బ్రాకెట్లు మూయడం మరిచిపోతే ఎర్ర సిరాతో సున్నా చుట్టేదాన్ని. వారం చివర ఆయన ఎడిటరును తిరగరాశారు. "ఇగ వాటిని అరల్ల పెట్ట. ఎక్కడ పుట్టినయో అక్కడనే ఉంటయి" అన్నారు. నేను నడిపి చూశాను. ఏ తప్పూ దొరకలేదు. దొరుకుతుందేమోనని సాయంత్రం దాకా వెతికాను.

ఇప్పుడు నాకు ఆయన అప్పటి వయసు కంటే ఇరవై ఏళ్లు ఎక్కువ. ఎవరూ నేర్పకుండా, రోజుకొక గంట మిషను టైముతో, ఒక్కడే కూర్చుని ఎడిటరు రాయడమంటే ఏమిటో ఆ తర్వాత నేనూ ఒకటి రాయబోయి మధ్యలో వదిలేసినప్పుడు తెలిసింది. యాభై దాటాక, తాను మెమో ఇచ్చిన పిల్ల ముందు నోటుపుస్తకం పట్టుకుని నిలబడడమంటే ఏమిటో తెలియడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. మెమో సంగతి మాత్రం మరిచిపోలేదు. అది అన్యాయమే, ఇప్పుడడిగినా పదోసారి ఆ మాటే రాస్తాను. కానీ ఆ వారం రోజుల్లో ఒక్కసారైనా ఆయనకు కుర్చీ జరిపి, "కూర్చోండి సార్" అన్నానా అని ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రావడం లేదు. అన్నాననే అనుకుంటూ ఉంటాను.